ఇంజనీరు గారి జవాబులు: అమెరికా ఇళ్లలోకి యంత్రాలు ఎలా వచ్చాయి?

పోయిన సంచికలో ఎడిసన్ బల్బు గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు కట్టలుగా వచ్చిపడ్డాయి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు, మనవల పాఠ్యపుస్తకాలు తిరగేసినవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు, ఊరికే కుతూహలం ఉన్నవాళ్లు అందరూ రాశారు. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట కలిపేశాను. ఒక మాట ముందే చెబుతున్నాను. ఆవిష్కర్తల జీవితకథలంటే నాకు పెద్ద ఆసక్తి లేదు. యంత్రాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు, అది మామూలు సంసారి ఇంటి గడప దాటడం మరో ఎత్తు. ఉద్యోగమంతా స్తంభాలు పాతించడంలో, తీగలు లాగించడంలో గడిపినవాణ్ణి కాబట్టి నా చూపు ఎప్పుడూ ఆ రెండో దాని మీదే ఉంటుంది. జవాబులూ అలాగే ఉంటాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: 1882లోనే ఎడిసన్ న్యూయార్కుకు కరెంటు ఇచ్చాడు కదా! అంటే మన తాతల కాలానికే అమెరికా పల్లెలన్నిటా విద్యుద్దీపాలు వెలుగుతుండేవా? మా అల్లుడు గారు అవుననే వాదిస్తున్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, అల్లుడు గారితో వాదన పెట్టుకోవద్దు. ఈ పేజీ కత్తిరించి ఆయనకు కనిపించే చోట పెట్టండి, చాలు.

1882 సెప్టెంబర్ 4న న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైన మాట నిజమే. ఆ రోజు వెలిగినవి దాదాపు నాలుగు వందల దీపాలు. వాటిలో జె.పి. మోర్గాన్ అనే మహా సంపన్నుడి బ్యాంకులో వెలిగినవి కొన్ని. అది డైరెక్ట్ కరెంటు. బొగ్గు మండించి ఆవిరి యంత్రాలతో డైనమోలు తిప్పితే వచ్చే ఆ కరెంటు మైలు దూరం పోయేసరికే నీరసించిపోయేది. అంటే పేటకొక కేంద్రం కట్టుకోవాలి. కరెంటును దూరాలకు పంపడం ఆల్టర్నేటింగ్ కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాకే సాధ్యమైంది. 1896లో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు బఫెలో నగరానికి చేరింది. సాంకేతికంగా చిక్కుముడి అక్కడితో విడిపోయినట్టే.

మరి పల్లెలకు ఎప్పుడు వెళ్లింది? 1930 నాటికి అమెరికా పట్టణాల్లో నూటికి ఎనభైకి పైగా ఇళ్లలో కరెంటు ఉంది. రైతుల ఇళ్లలో నూటికి పదింట మాత్రమే ఉంది. పెర్ల్ స్ట్రీట్ వెలిగి అప్పటికి సుమారు యాభై ఏళ్లు గడిచాయి! న్యూయార్కులో ఆకాశహర్మ్యాలు, సినిమా హాళ్లు, రేడియో స్టేషన్లు ధగధగలాడుతుంటే, టెక్సాస్‌లోనో జార్జియాలోనో రైతు కిరసనాయిలు లాంతరు పట్టుకుని పాలు పితికేవాడు. ఆ ఇంటి ఇల్లాలు బావిలోంచి నీళ్లు చేదుకుని, కట్టెల పొయ్యి మీద మరగబెట్టుకుని, ముద్ద ఇనుప ఇస్త్రీలను ఆ పొయ్యి మీదే కాచుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. జూలై ఎండలోనూ ఆ పొయ్యి ఆరేది కాదు.

కారణం సైన్సు కాదు, లెక్క. పట్టణంలో మైలు తీగ లాగితే వందల ఇళ్లు తగులుతాయి, పల్లెలో మూడో నాలుగో. లైను ఖర్చు రాబట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ప్రైవేటు కంపెనీలు గుణించుకుని, మాకు గిట్టదు పొమ్మన్నాయి. కొన్నిచోట్ల రైతే లైను ఖర్చు ముందుగా కట్టాలన్నాయి. మైలుకు వేలల్లో డాలర్లు చెబితే ఏ రైతు కట్టగలడు?

1935 మే 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాది దానికి చట్టం వచ్చింది. ప్రభుత్వం కరెంటు అమ్మలేదు, తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పులు ఇచ్చింది. కంపెనీలు ముందుకు రాకపోవడంతో రైతులే సహకార సంఘాలు పెట్టుకుని ఆ అప్పులు తీసుకున్నారు. చాలాచోట్ల సభ్యత్వ రుసుము ఐదు డాలర్లు. ఆ ఐదు డాలర్లు కూడా లేని కుటుంబాలు ఉండేవి, సంఘం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి బతిమాలి చేర్పించారు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ సంస్థ ఇంజనీర్లు లైను ఖర్చు మైలుకు వెయ్యి డాలర్ల లోపుకు దించారు. ఎలాగంటే, మధ్యలో ఉక్కు తీగ ఉన్న అల్యూమినియం కండక్టరు వాడారు. అది గట్టిగా లాగినా తెగదు కాబట్టి స్తంభానికీ స్తంభానికీ దూరం పెంచుకోవచ్చు, స్తంభాలు తగ్గుతాయి. సింగిల్ ఫేజ్ లైను వేశారు, స్తంభం పైన అడ్డకమ్మీ అక్కర్లేకుండా చేశారు. ప్రతి ఇంటికీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తగిలించారు. గుంతలు తవ్వేవాళ్లు, స్తంభాలు ఎత్తేవాళ్లు, తీగ లాగేవాళ్లు వేర్వేరు జట్లుగా ఒకరి వెనక ఒకరు సాగిపోయేవారు. ఇందులో నోబెల్ బహుమతికి నోచుకునే విషయం ఒక్కటీ లేదు. కానీ కోట్లాది మంది చేతికి స్విచ్ అందించినది ఇదే అని నా లెక్క. ఇంకో తమాషా: సంఘాలు లైను వేయబోతున్నాయని తెలియగానే, అంతవరకు గిట్టదన్న కంపెనీలే పరుగున వచ్చి, బాగా డబ్బు వచ్చే నాలుగు ఇళ్లకు మాత్రం తీగ లాగి, మిగతా ఊరిని సంఘానికి వదిలేసేవి. అలాంటివాటిని రైతులు ‘కసి లైన్లు’ అని పిలిచేవారు. 1950ల నడుమకు వచ్చేసరికి నూటికి తొంభైకి పైగా పొలం ఇళ్లలో కరెంటు వెలిగింది.

ఈ కథ మనకు పరాయిది కూడా కాదు. 1969లో మన దేశంలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడ్డాక, అమెరికా సహకార సంఘాల నిపుణుల సలహాతో ప్రయోగాత్మకంగా అయిదు సంఘాలు పెట్టారు. అందులో ఒకటి మన సిరిసిల్లది. ‘సెస్’ అంటే, అదే సహకార విద్యుత్ సరఫరా సంఘం అంటే, ఆ ప్రాంతంలో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సంఘం లైన్లు చూసి, ‘ఇదేమిటి, విద్యుత్ బోర్డు లేకుండా కరెంటా?’ అని మా సిబ్బంది నవ్వేవారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ప్రశ్న: వాషింగ్ మెషిను, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్ వచ్చాక అమెరికా ఆడవాళ్లకు ఇంటి పని బాగా తగ్గిపోయి ఉంటుంది. మాకే తగ్గలేదు, ఎందుకంటారు?
– ఒక గృహిణి, నిజామాబాద్

వాళ్లకూ తగ్గలేదమ్మా. చాకిరీలో నడుము విరిగే భాగం తగ్గింది, గడియారం ప్రకారం పని గంటలు తగ్గలేదు. 1974లో ఒక అమెరికన్ పరిశోధకురాలు పాత సర్వేలన్నీ తిరగేసి చూస్తే, బయట ఉద్యోగం చేయని ఇల్లాలు 1920లలో వారానికి 52 గంటలు ఇంటి పని చేసేది, 1960లలో 55 గంటలు! కరెంటు, నల్లా, మిషన్లు అన్నీ వచ్చాక సంగతి ఇది.

ఎందుకో చూడండి. ఇనుప పొయ్యి వచ్చింది. పాత నెగడుతో పోలిస్తే దానికి కట్టెలు బాగా తక్కువ పడతాయి. కట్టెలు కొట్టేది ఎవరు? మగవాడు. అంటే ఆయన పని తగ్గింది. కానీ పొయ్యి మీద ఒకేసారి మూడు నాలుగు వంటకాలు వండే వీలు కలిగింది కాబట్టి, ఒక్క కుండ కూరతో సరిపెట్టుకున్న ఇంట్లో మూడు పదార్థాలు కావాల్సి వచ్చాయి. అవి వండేది ఎవరు? మరలో పట్టిన మెత్తటి తెల్లపిండి అంగట్లో దొరికింది. మొక్కజొన్న మూటలు మరకు మోసే పని మగపిల్లలకు తప్పింది. తెల్లపిండితో రొట్టెలూ కేకులూ చేయడం మాత్రం తల్లి మీద పడింది. నీళ్ల కుళాయి వచ్చింది, నీళ్లు మోసే పిల్లలు బడికి వెళ్లారు, స్నానాల గది కడగడం ఆమెకు కొత్త పని అయింది.

బట్టల సంగతి మరీ విచిత్రం. 1900 తరువాత పట్టణాల్లో మధ్యతరగతి కుటుంబాలు చాలావరకు బట్టలను లాండ్రీకి పంపేవి, లేదా ఉతికే మనిషిని పెట్టుకునేవి. కరెంటు వాషింగ్ మెషిను ఆ పనిని మళ్లీ ఇంట్లోకే తెచ్చి ఇల్లాలి చేతిలో పెట్టింది. పైగా వారానికోసారి మార్చే చొక్కాను రోజూ మార్చడం మొదలుపెట్టారు.

అలాగని మిషన్లు వద్దని నేను చెబితే ఏ ఆడబిడ్డా నన్ను క్షమించదు. రాత్రికి చేతులు పుండ్లు పడకుండా నిద్రపోవడం తక్కువ విషయం కాదు. కరెంటు వచ్చిన అమెరికా పొలం ఇళ్లలో జనం మొదట కొన్నవి రెండే రెండు, రేడియో, ఇస్త్రీ పెట్టె. ఫ్రిజ్ కాదు, ఫ్యాన్ కాదు. పొయ్యి మీద కాచిన ఇనుప ముద్దతో ఇస్త్రీ చేసినవాళ్లకు ఎందుకో వివరించనక్కర్లేదు.

ప్రశ్న: మాష్టారూ, మా నాన్న నుంచి నాకు వచ్చిన ఆస్తి ఒక పాత సింగర్ కుట్టుమిషను. దాన్ని కనిపెట్టినది సింగర్ దొరేనా? భార్య చేత్తో కుట్టుకుంటూ అవస్థ పడుతుంటే చూడలేక చేశాడని విన్నాను.
– ఒక దర్జీ, ఆదోని

మీరు విన్న మాట గాంధీగారు అన్నది. యంత్రాలన్నిటినీ ఆయన వద్దనలేదు. కుట్టుమిషను మాత్రం మనిషికి నిజంగా పనికివచ్చిన కొద్ది ఆవిష్కరణల్లో ఒకటని, భార్య మీది ప్రేమతో సింగర్ దాన్ని తయారు చేశాడని 1924లో చెప్పారు. ప్రేమ సంగతి ఎలా ఉన్నా, ఐజాక్ సింగర్ గారికి సంసారాలు ఒకటి కాదు. నాటకాలు వేస్తూ తిరిగిన ఆ మనిషికి పలువురు స్త్రీల వల్ల ఇరవై మందికి పైగా సంతానం. బాపూజీకి ఈ వివరం ఎవరూ చెప్పినట్టు లేరు.

కనిపెట్టినదీ ఆయన ఒక్కడే కాదు. రెండు దారాలతో ముడి పడే కుట్టును యంత్రంతో వేయవచ్చని 1830లలోనే వాల్టర్ హంట్ అనే న్యూయార్కు మేధావి చేసి చూపించాడు కానీ పేటెంటు తీసుకోలేదు. కుట్టుపని మీద బతికే ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని కూతురు వారించిందట. ఆ హంటే 1849లో పిన్నీసు కూడా కనిపెట్టి, పేటెంటును నాలుగు వందల డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఇప్పుడు మీ మిషను సొరుగులో ఉన్న పిన్నీసులు చూసి ఆయనకో దండం పెట్టండి. 1846లో ఎలియాస్ హౌ పేటెంటు పొందాడు. సింగర్ 1851లో మెరుగైన మిషను తెచ్చాడు, హౌ కోర్టుకు వెళ్లి గెలిచాడు. చివరకు 1856లో తయారీదారులంతా తమ పేటెంట్లను ఒక్కచోట కలిపి, కొట్లాట ఆపి, వ్యాపారం చేసుకున్నారు. హౌకు అమ్మిన ప్రతి మిషనుకూ ముట్టింది.

ఇంతవరకు ఉన్నది మామూలు కథే. అసలు మలుపు ఎడ్వర్డ్ క్లార్క్‌ది. ఆయన ఇంజనీరు కాదు, సింగర్ భాగస్వామి, వృత్తిరీత్యా వకీలు. మిషను ధర వంద డాలర్లకు పైమాట. అప్పట్లో ఒక సాధారణ కుటుంబం ఏడాది సంపాదన ఐదు వందల డాలర్లు ఉంటే గొప్ప. ఎవరు కొంటారు? 1856లో క్లార్క్ వాయిదాల పద్ధతి పెట్టాడు. ఐదు డాలర్లు ముందు కట్టి మిషను ఇంటికి పట్టుకుపోండి, మిగతాది నెలనెలా తీర్చండి అన్నాడు. ఒక్క ఏడాదిలో అమ్మకాలు మూడింతలయ్యాయి. కారు, టీవీ, ఫోను, చివరికి మనవాళ్లు కొనే మంచం దాకా ఈఎంఐ మీద నడుస్తున్న ప్రపంచానికి ముగ్గు పోసినది ఈ కుట్టుమిషనే.

మిషను పని సత్తా గురించి ఒక లెక్క ప్రచారంలో ఉంది. మగవాళ్ల చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద గంటా 16 నిమిషాలు. లెక్క కట్టినది మిషన్లు అమ్మే ఒక కంపెనీయే కాబట్టి కాస్త తగ్గించి నమ్మండి. మీ అనుభవం ఏమంటుందో రాయండి.

ఆ తరువాత అంతర్యుద్ధం వచ్చింది. లక్షల మంది సైనికులకు యూనిఫారాలు కుట్టడానికి ఒంటి కొలతలు తీస్తే, మగవాళ్ల ఒళ్లు కొన్ని ముఖ్యమైన సైజుల్లోకి సర్దుకుంటాయని తేలింది. అక్కడినుంచి రెడీమేడ్ దుస్తుల పరిశ్రమ విస్తరించింది. పేదవాడు కూడా పాతబట్టలు కాకుండా కొత్త బట్టలు కట్టుకోగలిగాడు. ఈ చొక్కాలు కుట్టినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. న్యూయార్కులో ట్రయాంగిల్ అనే ఫ్యాక్టరీలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టేవారు. కుట్టేది ఎక్కువగా ఇటలీ నుంచీ రష్యా నుంచీ వలస వచ్చిన ఆడపిల్లలు. 1911 మార్చి 25న అక్కడ మంటలు లేచాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆ ఎత్తుకు అందలేదు. 146 మంది చనిపోయారు, ఎందరో కిటికీల్లోంచి దూకి. వీధిలో నిలబడి చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే యువతి ఉంది. ఆమె 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయింది. ఆ దేశ మంత్రివర్గంలో మొదటి మహిళ ఆమే. పిల్లల చేత ఫ్యాక్టరీల్లో పని చేయించడాన్ని కట్టడి చేసి, కనీస వేతనం నిర్ణయించిన 1938 చట్టం ఆమె హయాంలోదే.

ప్రశ్న: చెన్నై మెరీనా ఒడ్డున ఉన్న ఐస్ హౌస్‌లో ఒకప్పుడు అమెరికా మంచుగడ్డలు ఉండేవట. గాలి కబురా, నిజమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

అక్షరాలా నిజం. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడలకెక్కించి అమ్మేవాడు. 1806లో కరీబియన్ దీవులకు మొదటి ఓడ పంపితే ఊరంతా నవ్వింది. నేథనియల్ వైయత్ గుర్రాలతో లాగించే మంచు నాగలి తయారు చేశాక కోత చవకయింది. 1833లో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరితే సుమారు వంద టన్నులు మిగిలింది! మద్రాసు ఐస్ హౌస్ 1840లలో కట్టినది. కృత్రిమంగా మంచు తయారుచేయడం మొదలయ్యాక ఆ వ్యాపారం కరిగిపోయింది. భవనం చేతులు మారింది. 1897లో వివేకానందస్వామి అక్కడ కొన్నాళ్లు బస చేశారు, ఇప్పుడది ఆయన పేరు మీదే ఉంది.

మనకు తెల్లదొరల గ్లాసుల్లోకి మాత్రమే వచ్చిన ఆ మంచు, అమెరికాలో మామూలు ఇళ్లలోకి చేరింది. ఇంట్లో ఒక చెక్కపెట్టె, పై అరలో మంచుగడ్డ, కింద పాలు, మాంసం. వీధిలో మంచుబండి వచ్చే వేళకు కిటికీలో ఒక అట్ట పెట్టేవారు. దాని నాలుగు అంచుల మీద 25, 50, 75, 100 అని ఉంటుంది. ఏ అంకె పైకి ఉంటే అన్ని పౌండ్ల గడ్డను బండివాడు లోపలికి తెచ్చి పెట్టి పోతాడు. మాటతో పనిలేదు. ఆ మంచే రైలు పెట్టెల్లోకి ఎక్కింది. చికాగోలో గస్టావస్ స్విఫ్ట్ 1880 ప్రాంతంలో మంచు నింపిన పెట్టెల్లో కోసిన మాంసాన్ని తూర్పు నగరాలకు పంపాడు. అంతకుముందు పశువులను ప్రాణాలతోనే రైలెక్కించేవారు. మాంసం ధర తగ్గింది. తరతరాలుగా ఊరిలో కొట్టు నడుపుకుంటున్న కసాయికి పోటీ వెయ్యి మైళ్ల అవతల నుంచి వచ్చింది.

ప్రశ్న: అమెరికాలో ఒకప్పుడు పసిపిల్లలను పోస్టులో పంపేవారని చదివాను. తపాలా శాఖలో పనిచేసిన నాకే నమ్మశక్యంగా లేదు.
– ఒక విశ్రాంత పోస్టల్ ఉద్యోగి, పాలకొల్లు

మీరు వెంటనే నిబంధనల పుస్తకం తీసి ఉంటారు, నాకు తెలుసు. నిజంగానే జరిగింది, కాకపోతే సంచిలో కుక్కి కాదు. 1914 ఫిబ్రవరిలో ఐడహో రాష్ట్రంలో ఆరేళ్లు నిండబోతున్న ఒక పాపను గ్రేంజ్‌విల్ నుంచి లూయిస్టన్‌లోని అమ్మమ్మగారింటికి పంపారు. కోటుకు 53 సెంట్ల స్టాంపులు అంటించారు. రైలు తపాలా పెట్టెలో పనిచేసే బంధువు తోడు వెళ్లాడు. టికెట్టు కొనడం కంటే అది చవక. ఆ తరువాత శాఖవారు ఇలాంటివి కుదరవని తేల్చి చెప్పారు.

పార్సిల్ పోస్టు అంత కొత్తగా ఉండేది అప్పట్లో. అది మొదలైనది 1913 జనవరి 1న. అంతకుముందు 1896లో వెస్ట్ వర్జీనియాలో ప్రయోగంగా పొలం ఇళ్లకు ఉచిత బట్వాడా మొదలుపెట్టారు. అప్పటిదాకా రైతు ఉత్తరం కోసం బండి కట్టుకుని పోస్టాఫీసుకు పోవాల్సిందే. ఈ రెండింటికీ మహా సంబరపడినవాళ్లు కేటలాగు వ్యాపారులు. మాంట్‌గొమరీ వార్డ్ 1872లో ఒకే ఒక్క కాగితం మీద సరుకుల జాబితా అచ్చువేసి రైతులకు పంపాడు. నచ్చకపోతే డబ్బు వాపసు అన్నాడు. మిన్నెసోటాలో రైల్వే స్టేషను ఏజెంటుగా పనిచేసిన రిచర్డ్ సియర్స్ గడియారాలు అమ్ముతూ మొదలై, చికాగో చేరి, లావుపాటి కేటలాగు తెచ్చాడు. అందులో లేనిది లేదు. సూదులు, నాగళ్లు, పియానోలు, 1908 నుంచి ఏకంగా ఇళ్లు! కోసి సిద్ధం చేసిన దూలాలు, తలుపులు, మేకులు, రంగు డబ్బాలు, కట్టే విధానం రాసిన పుస్తకం, అన్నీ రైలు పెట్టెలో వచ్చేవి. 1940 దాకా సుమారు డెబ్బై వేల ఇళ్లు అలా అమ్మారు. వాటిలో చాలా ఇళ్లలో ఇప్పటికీ కాపురాలు ఉన్నాయి.

ఊరి కిరాణా కొట్టువాళ్లకు మంట పుట్టింది. కొన్నిచోట్ల కేటలాగులు సేకరించి భోగిమంటల్లా తగలబెట్టించారు. దక్షిణాదిన నల్లజాతివాళ్లకు మాత్రం ఆ కేటలాగు ఇంకో రకంగా పనికివచ్చింది. ఊరి కొట్టులో వాళ్లు తెల్లవాళ్లందరి తరువాతే సరుకు తీసుకోవాలి, కొట్టువాడు ఇచ్చిన నాసిరకమే పుచ్చుకోవాలి, వాడు చెప్పిన అప్పే ఒప్పుకోవాలి. చికాగో కంపెనీకి ఆర్డరు రాసేవాడి ఒంటి రంగు కనిపించదు. తెల్లవాడికి ఏ ధరో నల్లవాడికీ అదే ధర. ఈ విషయం చదివాకే కేటలాగు మీద నాకు గౌరవం కలిగింది. పాత కేటలాగు చివరికి మరుగుదొడ్లో కాగితంగా ఉపయోగపడిన సంగతి కూడా చెబితే సంపాదకులు కత్తెర వేస్తారేమో.

ప్రశ్న: హెన్రీ ఫోర్డు 1914లో కార్మికుల జీతం రెట్టింపు చేశాడు. ఇది దాతృత్వమా, వ్యాపార సూత్రమా? పరీక్షకు పనికివచ్చేలా చెప్పగలరు.
– పోటీ పరీక్షల అభ్యర్థి, హైదరాబాద్

బాబూ, పరీక్షలో ఏది రాస్తే మార్కులు వస్తాయో నీకే బాగా తెలుసు. జరిగినది చెబుతాను.

మోడల్ టి కారు 1908లో వచ్చింది, ధర ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు. 1913లో హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో కదిలే వరస పెట్టారు. మనిషి నిలబడి ఉంటాడు, పని అతని దగ్గరకు వస్తుంది. ఒక ఛాసిస్ (కారు చట్రం) కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా 93 నిమిషాలకు దిగింది. 1925 నాటికి కారు 260 డాలర్లకు దొరికింది. కానీ రోజంతా ఒకే నట్టు బిగించడం ఎవరికి ఇష్టం? జనం చేరిన వారానికే మానేసేవారు. 1913లో పద్నాలుగు వేల మందిని పనిలో నిలబెట్టుకోవడానికి ఫోర్డు యాభై వేలకు పైగా మనుషులను చేర్చుకోవాల్సి వచ్చింది. కొత్తవాడికి పని నేర్పే ఖర్చు లెక్కేసుకో. అప్పుడు 1914 జనవరి 5న, తొమ్మిది గంటలకు 2.34 డాలర్లు ఉన్న చోట ఎనిమిది గంటలకు ఐదు డాలర్లు ప్రకటించాడు. మరునాటి నుంచి గేటు దగ్గర గడ్డకట్టే చలిలో వేల మంది.

ఆ ఐదు డాలర్లలో సగం జీతం, మిగతాది లాభంలో వాటా. ఆ వాటా రావాలంటే సంస్థవారు ఇంటికి వచ్చి చూస్తారు. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా, డబ్బు దాచుకుంటున్నాడా, ఇంట్లో అద్దెకు మనుషులను పెట్టుకున్నాడా అని చూసి చిట్టా రాసుకుపోతారు. మొదట్లో ఆడవాళ్లకు ఆ వాటా లేదు. ఎనిమిది గంటల పని అడిగినందుకు 1886లో చికాగోలో నెత్తురు చిందింది, మేడే పుట్టింది. ఆ సంగతి ఫోర్డు గారి పేరు దగ్గర ఎవరూ రాయరు. నువ్వు రాయి.

మా అబ్బాయి ఉండే ఊరికి దగ్గరలోని డియర్‌బోర్న్‌లో ఫోర్డు మ్యూజియం ఉంది. అక్కడ మోడల్ టి చూస్తున్నప్పుడు నాకు నచ్చిన విషయం వేరే. రైతులు ఆ కారును ప్రయాణానికి మాత్రమే వాడలేదు. వెనక చక్రాన్ని పైకి లేపి, దానికి బెల్టు తగిలించి, కట్టెలు కోసే రంపం తిప్పారు, నీళ్లు తోడారు. మన దగ్గర డీజిలు ఇంజనుతో రైతు ఎన్ని పనులు చేయించుకున్నాడో చూసిన వాణ్ణి కాబట్టి ఆ కారు ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను.

ప్రశ్న: అంత పెద్ద దేశంలో గడియారాలను ఒక పద్ధతికి తెచ్చిన ప్రభుత్వం ఏది?
– ఒక విశ్రాంత స్టేషను మాస్టరు, విజయవాడ

ప్రభుత్వం కాదు, మీ వాళ్లే. అంటే రైల్వేలే. ఏ ఊరికి ఆ ఊరు నడినెత్తిన సూర్యుణ్ణి చూసి పన్నెండు కొట్టుకునే రోజుల్లో రైల్వే కంపెనీలకు ఒక్కొక్కదానికి ఒక్కో కాలం ఉండేది. 1883 నవంబర్ 18, ఆదివారం నాడు రైల్వేలన్నీ కూడబలుక్కుని ప్రామాణిక కాలమండలాలకు మారాయి. కొన్ని ఊళ్లలో ఆ రోజు పన్నెండు రెండుసార్లు అయింది. అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) దాన్ని చట్టం చేసినది 1918లో, అంటే ముప్ఫై అయిదేళ్లు ఆలస్యంగా. మన దగ్గరా మొదట రైళ్లు నడిచినది మద్రాసు కాలం మీదే, భారత ప్రామాణిక కాలం 1906లో వచ్చింది.

ప్రశ్న: నంబరు తిప్పే టెలిఫోనును ఒక శవపేటికల వ్యాపారి కనిపెట్టాడా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

దాదాపు అంతే అమ్మా, కాకపోతే ఆయన కనిపెట్టినది ఫోనును కాదు, దాన్ని కలిపే ఎక్స్ఛేంజీని. కాన్సస్ సిటీలో అంత్యక్రియలు జరిపించే వ్యాపారి ఆల్మన్ స్ట్రోజర్. ఎక్స్ఛేంజీలో కూర్చునే అమ్మాయి తన పోటీదారుడి భార్య అని, తనకోసం వచ్చే ఫోన్లను అటు మళ్లించేదని ఆయన అనుమానమట. ఆపరేటరు అక్కర్లేని ఎక్స్ఛేంజీకి 1891లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటిది పెట్టారు. పెద్ద కంపెనీ బెల్ మాత్రం 1919 దాకా అటు తొంగిచూడలేదు. అప్పటికి వేలాది అమ్మాయిలు ఆ బోర్డుల ముందు కూర్చుని ఉన్నారు. మొదట్లో ఆ పనిలో మగపిల్లలను పెడితే ఫోను చేసినవాళ్లను తిట్టేవారు. అందుకే 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమెను తీసుకున్నారు. చదువుకున్న పేదింటి ఆడపిల్లకు మిల్లు, ఇంటిచాకిరీ కాక ఇంకో దారి అలా తెరుచుకుంది.

మన దేశంలో బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఈ స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలను దశాబ్దాల పాటు తయారు చేసింది. ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లకు టకటకమనే చప్పుడు ఇంకా చెవుల్లో ఉంటుంది.

లిఫ్టు గురించి, డబ్బాపాల గురించి అడిగినవారికి వచ్చే సంచికలో జవాబిస్తాను. ఉత్తరాలు రాసేవారు దయచేసి కాగితానికి ఒకవైపే రాయండి.